1,60,000 కిలోమీటర్లు తిరిగిన 520డీ గురించి

ఢిల్లీ నంబరు గల 2013 నాటి బీఎండబ్ల్యూ 520డీ, 1,60,000 కిలోమీటర్లు తిరిగినది, తొమ్మిది లక్షలకు వస్తోందని, హనుమకొండకు తెచ్చుకోవచ్చా అని మీరు అడిగారు. రీడింగు కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది ఆ ఇంజిన్. అందులోని ఎన్47 డీజిల్ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులను సమయానికి కదిలించే గొలుసు) వెనుకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది కాబట్టి, అది అరిగితే మార్చడానికి గేర్‌బాక్స్‌నో ఇంజిన్‌నో దించవలసి వస్తుంది. తెగితే ఇంజిన్ దాదాపు పోయినట్లే. అందువల్ల రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయం మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. ఇంజిన్ వెనుక భాగం నుంచి గొలుసు రాసుకుంటున్నట్లు సన్నని గరగర వినిపిస్తే, బేరమాడకుండా తిరిగి వచ్చేయండి. మీరు వెళ్లేసరికే అమ్మేవారు ఇంజిన్ వేడి చేసి ఉంచితే, అదీ ఒక జవాబే: ఆ శబ్దాన్ని దాచాలనుకుంటున్నారేమో.

జెడ్‌ఎఫ్ కంపెనీ 8 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చాలని దాని తయారీదారే చెబుతున్నారు. ఆ బిల్లు అడగండి.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు రావడం వల్లనే ఇలాంటివి ఇటువైపు చవకగా వస్తున్నాయి. అక్కడి ఎన్‌ఓసీని (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రాన్ని) కళ్లతో చూసి, ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్స్ ఎంతో ఆర్టీఏ కార్యాలయంలో తెలుసుకోనిదే అడ్వాన్సు ఇవ్వవద్దు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు కూడా 2028లో ముగుస్తుంది.

పెద్ద మరమ్మతు వస్తే సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు బండిని ఎత్తించుకొని పోవాలి. ఇంట్లో ఇదొక్కటే కారు అయితే మాత్రం నేను వద్దనే అంటాను.