అబద్ధం పట్టేవారికీ ఉండాల్సిన కట్టుబాట్లు

పాలిగ్రాఫ్ (లై డిటెక్టర్) పరీక్షకుల వృత్తి సంఘాల గురించి, వాటి నియమాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పాలిగ్రాఫ్ పరీక్షలు చేసే ఇరవై మందిమి కలిసి సంఘం పెట్టుకోవాలనుకుంటున్నాం. బైలాలు, నైతిక నియమావళి వేరువేరుగా రాసుకోవాలా? ఒకటే పుస్తకం చాలదా?

జవాబు: అచ్చు ఒకే పుస్తకంగా వేయించుకోండి. లోపల మాత్రం మూడు భాగాలు చేయండి. సభ్యులెవరు, ఎన్నికలెలా, కోరం ఎంత, లెక్కలు ఎవరు చూస్తారు అన్నవి బైలాలు. ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనివి నైతిక నియమావళి. పరీక్ష ఎలా చేయాలి, ఎన్ని చార్టులు (శరీర స్పందనలను గీతలుగా చూపే నమోదులు) తీయాలి, ఏ సెన్సర్లు ఉండాలి అన్నవి పరీక్షా ప్రమాణాలు. ఈ మూడూ ఒకే వేగంతో మారవు. కుర్చీలో అమర్చే కదలికల సెన్సర్‌నే తీసుకోండి. వేలు బిగించో, తొడ కండరం బిగపట్టో చార్టును తారుమారు చేసేవాళ్లను పట్టుకోవడానికి అది తర్వాతి కాలంలో తప్పనిసరి అయింది. ఇలాంటి చిన్న మార్పులు బైలాల్లో ఉంటే ప్రతిసారీ సర్వసభ్య సమావేశం పిలవాలి. ప్రమాణాలను మార్చే అధికారం సాంకేతిక ఉపసంఘానికి ఇవ్వండి. నైతిక నియమావళి జోలికి వెళ్లాలంటే మాత్రం 30 రోజుల నోటీసు, మూడింట రెండొంతుల ఓటు ఉండాలి. కార్యవర్గం ఒక సాయంత్రం కూర్చుని మార్చేసుకునే నియమావళికి విలువ ఉండదు.

సభ్యత్వంలో కనీసం రెండు మెట్లు ఉండాలి. గుర్తింపు పొందిన శిక్షణ పూర్తిచేసి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పరీక్షలు చేసి చూపించినవారు పూర్తి సభ్యులు. ఇంకా నేర్చుకుంటున్నవారు అనుబంధ సభ్యులు. వీరికి ఓటు ఉండదు, సంఘం చిహ్నాన్ని తమ నివేదికలపై వేసుకోకూడదు. 1966లో ఏర్పడిన అమెరికన్ పాలిగ్రాఫ్ అసోసియేషన్ గుర్తించే పాఠశాలల్లో ప్రాథమిక శిక్షణ కనీసం 400 గంటలు. ఆ తర్వాత రెండేళ్లకొకసారి 30 గంటల పునశ్చరణ. ఇంతకంటే తగ్గించే ముందు బాగా ఆలోచించుకోండి.

చాలా సంఘాలు మరిచిపోయే వాక్యం ఒకటుంది: ‘ఫిర్యాదు విచారణలో ఉన్న సభ్యుడి రాజీనామాను విచారణ ముగిసేవరకు ఆమోదించరాదు.’ ఇది లేకపోతే నోటీసు అందిన మర్నాడే రాజీనామా చేసి, వేరే సంఘంలో చేరిపోతారు.

ప్రశ్న: పరీక్షకుడు రెండు చార్టులు మాత్రమే తీసి ‘నువ్వు అబద్ధం చెబుతున్నావని యంత్రం తేల్చేసింది’ అని చెప్పి, పరీక్షకు కూర్చున్న వ్యక్తి చేత తప్పు ఒప్పించాడట. ఆ వ్యక్తి మా సంఘానికి ఫిర్యాదు చేశాడు. ఒప్పుకోలు నిజమే అయినప్పుడు ఇక విచారించడానికి ఏముంటుంది?

జవాబు: చాలా ఉంది. ఒప్పుకోలు నిజమైనంత మాత్రాన పరీక్ష సరిగ్గా జరిగినట్టు కాదు. ముందుగా పరీక్షకుడి నుంచి నాలుగు తెప్పించుకోండి. మొదటిది, వ్యక్తి గదిలో అడుగుపెట్టినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా ఎక్కడా తెగని వీడియో. రెండోది చార్టుల అసలు డేటా ఫైలు. ముద్రించిన కాగితం పనికిరాదు, దాంట్లో గీతల ఎత్తు పెంచడం తగ్గించడం తేలిక. మూడోది, అడిగిన ప్రశ్నల జాబితా అక్షరం మారకుండా. నాలుగోది సంతకం చేసిన సమ్మతి పత్రం. వీడియో గడియారానికీ చార్టు గడియారానికీ పొంతన కుదరకపోతే అక్కడే ఆగి, తేడా ఎందుకొచ్చిందో కనుక్కోండి.

వీడియోలో మొదట చూడాల్సింది పరీక్షకు ముందు జరిగిన సంభాషణ. యంత్రానికి అబద్ధం తెలియదు. ఛాతీకీ పొట్టకీ చుట్టిన రెండు గొట్టాలు శ్వాసను, వేళ్లకు తగిలించిన ఎలక్ట్రోడ్లు చర్మపు తడిలో మార్పును, భుజం కింద కట్టిన గాలిపట్టీ రక్తపోటును, నాడిని నమోదు చేస్తాయి, అంతే. ‘నువ్వే తీశావని మాకు తెలుసు’ అని ముందే గద్దిస్తే నిర్దోషికి కూడా అసలు ప్రశ్న దగ్గరే గుండె జల్లుమంటుంది. అప్పుడు అసలు ప్రశ్న స్పందనతో పోల్చి చూడటానికి అడిగే పోలిక ప్రశ్నలకు విలువ పోతుంది, చార్టు మొత్తం చెడుతుంది. అందుకే పరీక్షకు ముందు నిందించి ప్రశ్నించడాన్ని నైతిక నియమావళిలోనే నిషేధిస్తారు. దాన్ని మర్యాదకు సంబంధించిన నియమం అనుకోవద్దు. పరీక్ష పరీక్షగా మిగలాలంటే అది తప్పదు.

తర్వాత, ప్రతి ప్రశ్ననూ పరీక్షకు ముందే అతనికి చదివి వినిపించారా, అతను వాటిని తన మాటల్లో అర్థం చేసుకున్నాడా చూడండి. ఊహించని ప్రశ్న ఎవరినైనా ఉలిక్కిపడేలా చేస్తుంది. ఒక ప్రశ్న మొదలైనప్పటి నుంచి తర్వాతి ప్రశ్న మొదలయ్యేవరకు కనీసం 20 సెకన్లు ఉండాలి. అంతకంటే తొందరపడితే ముందు ప్రశ్నకు పుట్టిన చెమట స్పందన తగ్గకముందే రెండో ప్రశ్న వచ్చి పడుతుంది. ఏ స్పందన ఏ ప్రశ్నదో చెప్పడం కుదరదు.

ఇక చార్టుల సంఖ్య. వాడుకలో ఉన్న పోలిక ప్రశ్నల పద్ధతుల్లో అవే ప్రశ్నలతో కనీసం మూడు చార్టులు తీస్తారు, కావాలంటే ఐదు దాకా వెళతారు. రెండింటితోనే ‘వంచన ఉంది’ అని చెప్పడం ప్రమాణాల ఉల్లంఘన. తేల్చకముందే తేలిపోయిందని చెప్పడం నైతిక నియమావళి ఉల్లంఘన. అభియోగ పత్రంలో ఈ రెండింటినీ వేరువేరు క్లాజుల కింద పెట్టండి.

చివరగా, అసలు డేటాను ఆ పరీక్షకుడితో సంబంధం లేని వేరొక సభ్యుడికి ఇవ్వండి. పేరు, కేసు, ఫలితం ఏదీ చెప్పకుండా మార్కులు వేయించండి. ఏడు మెట్ల పద్ధతిలో ఒక్కో స్పందనకు ప్లస్ మూడు నుంచి మైనస్ మూడు వరకు వేస్తారు. ప్లస్ నిజం వైపు, మైనస్ వంచన వైపు. ఇద్దరి మొత్తాల మధ్య కొద్దిపాటి తేడా వస్తే అది నేరం కాదు, ఈ విద్యలో సహజం. ఒకరికి ‘వంచన’, ఇంకొకరికి ‘తేల్చలేం’ వచ్చినా అది శిక్షణ లోపమేమో ముందు చూడాలి. ఫలితం చెప్పాక ఆ స్పందనలకు కారణం చెప్పుకునే అవకాశం పరీక్షకు కూర్చున్న వ్యక్తికి ఇచ్చారా అన్నది కూడా నమోదు చేయండి. ఆ అవకాశం అతని హక్కు.

మాటల్లో మాట: ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా ‘తేల్చలేం’ అని రాయని పరీక్షకుడు ఉంటే, ఫిర్యాదు రాకపోయినా అతని ఫైళ్లు ఓసారి తిరగేయండి.

ప్రశ్న: ‘దొంగ దొరికితేనే ఫీజు, ఒప్పుకుంటే పైన ఇంకొంత’ అని క్లయింట్ అంటున్నాడు. ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటే తప్పు లేదు కదా?

జవాబు: తప్పే. ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోవడం గానీ, ఫలితం వచ్చాక ఫీజు మార్చడం గానీ కూడదు. రాసుకున్నంత మాత్రాన అది సక్రమం కాదు, మీ తప్పుకు సాక్ష్యం దొరుకుతుందంతే. వంచన, నిజాయితీ, తేల్చలేం, ఈ మూడింటికీ ఒకే ఫీజు అని ముందే చెప్పాలి. వ్యక్తి మధ్యలో లేచి వెళ్లిపోతే ఎంత తీసుకుంటారో కూడా అందులోనే ఉండాలి. జీతానికి పనిచేసే పరీక్షకులకూ ఇదే సూత్రం. ఒప్పుకోళ్ల లెక్క చూసి పదోన్నతి ఇచ్చే కార్యాలయంలో ఫీజు లేకపోయినా రోగం మాత్రం ఒక్కటే.

ఇంకో రూపం కూడా ఉంది. మొదటి ఫలితం నచ్చక క్లయింట్ గుమ్మం గుమ్మం తిరుగుతాడు, మూడో పరీక్షకుడి నివేదిక మాత్రమే బయటపెడతాడు. అందుకే ‘ఇదే విషయంపై ఇంతకుముందు పరీక్ష జరిగిందా?’ అని అడిగి, జవాబును నివేదికలో రాయడం సభ్యులకు తప్పనిసరి చేయండి.

ప్రశ్న: రోజుకు ఎన్ని పరీక్షలు చేయవచ్చు?

జవాబు: ఐదుకు మించకూడదు, ఒక్కోటి 90 నిమిషాలకు తగ్గకూడదు. ప్రైవేటు ఉద్యోగుల పరీక్షలకు అమెరికాలో 1988 నాటి చట్టం పెట్టిన హద్దులివే. ఐదు గరిష్ఠం మాత్రమే. రోజూ ఐదు చేసే మనిషి సాయంత్రం తీసే చార్టును నమ్మలేం.

ప్రశ్న: ప్రకటనల్లో ‘98 శాతం కచ్చితత్వం’ అని వేసుకోవచ్చా? అందరూ వేస్తున్నారు.

జవాబు: అందరూ వేస్తున్నారంటే మీ క్రమశిక్షణ సంఘానికి చేతినిండా పని ఉందన్నమాట. ఏ పద్ధతి, ఏ రకం కేసు అని చెప్పకుండా ఒక్క శాతం చెప్పడం తప్పుదోవ పట్టించడమే. 2012 నుంచి అమలైన అమెరికన్ సంఘం ప్రమాణాల ప్రకారం, సాక్ష్యంగా వాడాలనుకునే పరీక్షకు ఎంచుకునే పద్ధతి పరిశోధనల్లో కనీసం 90 శాతం సరిగా తేల్చి ఉండాలి, దర్యాప్తు కోసం చేసే దానికి 80 శాతం చాలు. పైగా ‘తేల్చలేం’ అన్నవి 20 శాతం మించకూడదు. ఆ 20 శాతాన్ని లెక్కలోంచి తీసేసి మిగతాదాన్ని కచ్చితత్వంగా చూపించడం ప్రకటనల్లో మామూలుగా జరిగే గారడీ.

పైగా పరీక్ష ఎవరిపై జరుగుతుందన్న దాన్ని బట్టి అంకెకు అర్థమే మారిపోతుంది. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 2003 నివేదికలో ఒక లెక్క ఉంది. పదివేల మంది ఉద్యోగుల్లో పదిమంది గూఢచారులున్నారనుకుందాం. ఆ పదిమందిలో ఎనిమిది మందిని పట్టుకునేలా పరీక్షను బిగిస్తే, వారితో పాటు దాదాపు 1,600 మంది అమాయకులు కూడా ‘తప్పుతారు’. ఒక నిర్దిష్ట సంఘటనపై చేసే పరీక్ష ఊహాగానం కంటే చాలా మెరుగే కానీ పరిపూర్ణతకు చాలా దూరమని కూడా ఆ నివేదిక తేల్చింది. రెండోవైపు చూస్తే, సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్మిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ 1991లోనూ పరీక్ష గట్టెక్కాడు. ‘యంత్రం అబద్ధం చెప్పదు’ లాంటి వాక్యాలను నియమావళిలో పేరు పెట్టి నిషేధించండి.

ప్రశ్న: ఉద్యోగులను పరీక్షించేటప్పుడు అడగకూడని ప్రశ్నలేవి? పోలీసు కస్టడీలో ఉన్నవారి సంగతేమిటి?

జవాబు: మతం, జాతి విషయాలపై అభిప్రాయాలు, రాజకీయాలు, లైంగిక జీవితం, కార్మిక సంఘ సభ్యత్వం. ఇవి పోలిక ప్రశ్నలుగా కూడా రాకూడదు. చాలామంది జారిపోయేది అక్కడే. అసలు ప్రశ్నలు పద్ధతిగానే ఉంటాయి, పోలిక ప్రశ్నల్లో మాత్రం అడగకూడనివి దూరుతాయి. ఏ క్షణంలోనైనా పరీక్ష ఆపేసే హక్కు వ్యక్తికి ఉందని ముందే చెప్పాలి. గుండె జబ్బు, తీవ్రమైన నొప్పి, నిద్రలేమి, మత్తు ఉంటే పరీక్ష వాయిదా వేయాలి. ఆరోగ్యం గురించి అడగవచ్చు కానీ, ‘ఇతనికి మానసిక సమస్య ఉంది’ లాంటి వైద్య అభిప్రాయాలు నివేదికలో రాయడానికి పరీక్షకుడు డాక్టరు కాదు.

కస్టడీ విషయానికొస్తే భారతదేశంలో 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో స్పష్టం చేసింది: ఇష్టం లేకుండా ఎవరికీ ఈ పరీక్ష చేయకూడదు. ఇష్టపడి చేయించుకున్నా ఫలితం దానంతటదే సాక్ష్యం కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సమ్మతి మేజిస్ట్రేటు ఎదుట నమోదు కావాలి, న్యాయవాది అందుబాటులో ఉండాలి. పోలీసులు తెచ్చిన సంతకం కాగితం చూసి వైర్లు తగిలించే సభ్యుడిపై, అది చట్టం పని అని ఊరుకోకుండా, సంఘం కూడా చర్య తీసుకోవాలి.

ప్రశ్న: మా సంఘం చిన్నది, అందరం స్నేహితులం. క్రమశిక్షణ చర్యలు ఎలా నడపాలి?

జవాబు: బయటివారిని ఒకరిని తీసుకోండి, రిటైరైన న్యాయాధికారి అయితే మేలు. ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘంలో ఫిర్యాదుకు గురైన వ్యక్తి భాగస్వామి, గురువు, అదే ప్రాంతంలోని పోటీదారు ఉండకూడదు. పోటీదారును పక్కన పెట్టడం చాలామంది మరిచిపోతుంటారు. స్నేహితుడి జాలి ఎంత చేటో పోటీదారు ఉత్సాహం కూడా అంతే చేటు. రాతపూర్వక ఫిర్యాదు, దాని నకలుతో నోటీసు, జవాబుకు 30 రోజులు, వాదన వినడం, క్లాజు సంఖ్యతో రాతపూర్వక నిర్ణయం, వేరే మనుషుల ముందు అప్పీలు. ఈ వరుస మారకూడదు.

గడువుల్లో ఒక మెలిక ఉంది. రికార్డులు ఎన్నాళ్లు దాచాలన్నది ఫిర్యాదు గడువు కంటే ఎక్కువ ఉండాలి. పైన చెప్పిన 1988 చట్టం రికార్డులను కనీసం మూడేళ్లు దాచమంటుంది. మీరు కూడా మూడేళ్లు పెట్టుకుని, ఫిర్యాదుకు రెండేళ్ల గడువివ్వండి. తలకిందులైతే విచారణ మొదలయ్యేసరికి వీడియో ఉండదు.

శిక్షల్లో బహిష్కరణ ఒక్కటే ఉంటే ఎవరూ ఎవరినీ శిక్షించరు. మందలింపు, సస్పెన్షన్‌లతో పాటు ‘తర్వాతి పది పరీక్షల ఫైళ్లు మరో సభ్యుడు చూశాకే నివేదిక ఇవ్వాలి’ అన్న శిక్షను చేర్చండి. ఎక్కువగా ఉపయోగపడేది అదే.

ప్రశ్న: గొంతులో ఒత్తిడిని బట్టి అబద్ధం పట్టే సాఫ్ట్‌వేర్ వాడేవారికి సభ్యత్వం ఇవ్వవచ్చా?

జవాబు: పాలిగ్రాఫ్ సంఘంలో వద్దు. గొంతు ఒత్తిడి విశ్లేషణకు శాస్త్రీయ ఆధారం దాదాపు లేదని 2003 నివేదికే చెప్పింది. అమెరికా చట్టం ప్రైవేటు యజమానులకు ఇచ్చిన కొద్దిపాటి మినహాయింపులు పాలిగ్రాఫ్‌కే వర్తిస్తాయి, గొంతు యంత్రాలకు వర్తించవు. మీ సభ్యుడే రెండూ వాడుతుంటే, గొంతు విశ్లేషణ నివేదికలపై సంఘం పేరు, చిహ్నం కనిపించకూడదని రాతపూర్వకంగా హామీ తీసుకోండి.