పిల్లి షుగరుకు ఇన్సులిన్: చెన్నైలో ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ఇది. తొమ్మిదేళ్ల మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినది, బరువు ఆరు కిలోల దగ్గర ఉంది. షుగరని తేలింది. డాక్టరు గ్లార్జిన్ ఇన్సులిన్ రెండు పూటలా వేయమన్నారు. మందుల షాపులో పది మిల్లీలీటర్ల సీసా ధర విని మీరు వెనక్కి వచ్చేశారు. ఫ్రిజ్‌లో అత్తగారి 30/70 ఇన్సులిన్ ఎలాగూ ఉంది కదా, అందులోంచి కాస్త వేస్తే సరిపోదా అని అడుగుతున్నారు.

అత్తగారిది ముట్టుకోకండి. పెద్ద సీసా కూడా కొనకండి. గ్లార్జిన్‌లోనే మూడు మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్ (ఇన్సులిన్ పెన్నులో పెట్టే చిన్న మందు గొట్టం) ఒక్కటి కొనండి. దానికి సరిపోయే యు-100 సిరంజిలు (మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే మందుకు చేసినవి) కొనండి. మిగిలిన డబ్బు షుగరు చూసే స్ట్రిప్పులకు దాచుకోండి. పెరంబూరులో మా పిల్లి కిట్టయ్యకు ఇదే పద్ధతిలో ఇన్సులిన్ వేస్తున్నాం. నేను లెక్కలు రాసి బతికేవాడిని కాబట్టి మొదట లెక్కే చెబుతాను.

చాలా పిల్లులకు పూటకు ఒక యూనిట్‌తో మొదలుపెడతారు. అంటే 28 రోజులకు 56 యూనిట్లు. పది మిల్లీలీటర్ల సీసాలో 1000 యూనిట్లు ఉంటాయి. తెరిచాక 28 రోజుల్లో వాడేయాలని లేబుల్ మీద ఉంటుంది. ఆ మాట ప్రకారం నడుచుకుంటే తొమ్మిది వందలకు పైగా యూనిట్లు బూడిదలో పోసిన పన్నీరే. కార్ట్రిడ్జ్‌లో 300 యూనిట్లే ఉంటాయి. నెలకొకటి పారేసినా ఖర్చు వందల్లోనే ఉంటుంది, వేలల్లోకి పోదు. ఫ్రిజ్‌లోనే ఉంచి, మందు నీళ్లలా తేటగా ఉన్నంతవరకు ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చని కొందరు పశువైద్యులు చెబుతారు. ఆ అనుమతి మీ డాక్టరే ఇవ్వాలి. మా డాక్టరు ఇచ్చారు. కాస్త మబ్బుగా కనిపించినా, కారణం లేకుండా షుగరు పెరుగుతున్నా పారేయమనే షరతు మీద.

బ్రాండు విషయంలో మొండిపట్టు అక్కర్లేదు. సనోఫీ వారి లాంటస్, బెంగళూరు బయోకాన్ నుంచి వచ్చిన బాసలాగ్, వోక్‌హార్ట్ వారి గ్లారిటస్, మూడింటిలోనూ ఉన్నది గ్లార్జినే. 2022లో మన జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో గ్లార్జిన్‌ను చేర్చారు కాబట్టి ధరకు ప్రభుత్వ పరిమితి కూడా ఉంది. ఒకటి ఎంచుకుని దానితోనే కొనసాగండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త: టూజియో అనే రకం కూడా గ్లార్జినే, కాని అందులో మిల్లీలీటరుకు 300 యూనిట్లు. మీకు కావలసింది 100 యూనిట్లది. పెట్టె మీద ఆ అంకె చదివాకే డబ్బు ఇవ్వండి.

మరి అత్తగారి 30/70 ఎందుకు పనికిరాదు? అది త్వరగా పనిచేసే ఇన్సులిన్, మధ్యరకం ఇన్సులిన్ కలిపిన మిశ్రమం. పిల్లి ఒంట్లో ఆ మధ్యరకం కూడా ఎక్కువసేపు నిలవదు. షుగరు ఒక్కసారిగా పడిపోయి, పన్నెండు గంటలు గడవకముందే మళ్లీ పైకి ఎగబాకుతుంది. గ్లార్జిన్ చర్మం కింద సన్నని స్ఫటికాలుగా మారి కొద్దికొద్దిగా కరుగుతుంది. పిల్లులకు దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే. అందుకే దాన్ని నీళ్లతో పలచన చేయకూడదు, వేరే ఇన్సులిన్‌తో కలపకూడదు. ఆ గుణం పోతుంది. (పిల్లి ఇన్సులిన్‌కు ఆవు ఇన్సులిన్‌తో తేడా ఒక్క అమైనో ఆమ్లమే, మనిషి ఇన్సులిన్‌తో నాలుగు. ఈ ముక్క తెలిసినప్పటినుంచి మా ఆవిడ కిట్టయ్యను గోమాత వంశం అంటుంది.)

అసలు ప్రమాదం సిరంజి దగ్గర ఉంది. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను. మన దేశంలో మనుషుల ఇన్సులిన్ సీసాలు చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి, యు-40. గ్లార్జిన్ 100 యూనిట్లది. దానికి నారింజ రంగు మూత సిరంజి, యు-100. షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అంటే చాలాచోట్ల ఎర్ర మూతదే చేతిలో పెడతారు. ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు గ్లార్జిన్ లాగితే లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు. మనిషికి ఆ తేడా తట్టుకోగలిగినదేమో, ఆరు కిలోల ప్రాణికి కాదు. మూత రంగును నమ్ముకోవడం కంటే సిరంజి గొట్టం మీద అచ్చువేసిన యు-100 అనే అక్షరాలు చూసుకోవడం మేలు. 0.3 మి.లీ. సిరంజి, అందులోనూ అర యూనిట్ గీతలున్నది దొరికితే వదలకండి. డాక్టరు ఒకటిన్నర యూనిట్ చేయమన్నప్పుడు ఒక మి.లీ. సిరంజిలో ఆ సగం గీతను ఊహించుకోవడం కళ్లకు శిక్ష. ఇది ప్రతి షాపులో ఉండదు, తెప్పించమని ముందే చెప్పాలి. సిరంజి దగ్గర పొదుపు చేయకండి. ఒకసారి వాడిన సూది మొద్దుబారుతుంది, రెండోసారి పిల్లి ఊరుకోదు.

పెన్ను ఎందుకు వద్దంటున్నానంటే, పెన్నుతో వేసే ప్రతిసారీ ముందుగా రెండు యూనిట్లు బయటికి వదిలి సూది పరీక్షించాలి. పిల్లికి వేసేది ఒక యూనిట్, పారబోసేది రెండు! పైగా చాలా పెన్నుల్లో అర యూనిట్ రాదు. కాబట్టి కార్ట్రిడ్జ్ నుంచే సిరంజితో లాగుతాం. నోటి దగ్గరున్న రబ్బరు పొరను స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, సూది తిన్నగా గుచ్చి మెల్లగా లాగాలి. సీసాలోకి ఎక్కించినట్లు ముందు గాలి ఎక్కించకూడదు. మనం లాగుతుంటే వెనకనున్న రబ్బరు బిరడా దానంతటదే ముందుకు జరుగుతుంది. మనుషుల విషయంలో కంపెనీలు ఈ పద్ధతి వద్దంటాయి. లోపల గాలి చేరితే తర్వాత పెన్ను డోసు తప్పుతుందని వాటి భయం. అందుకే సిరంజి తగిలిన కార్ట్రిడ్జ్‌ను మళ్లీ ఏ పెన్నులోనూ పెట్టకండి. మొదటిసారి డాక్టరు ఎదుటే లాగి చూపించండి. మీ ఇంట్లో అత్తగారి ఇన్సులిన్ కూడా ఉంది కాబట్టి పిల్లిదాన్ని వేరే డబ్బాలో పెట్టి, మీద పెద్ద అక్షరాలతో "పిల్లి" అని రాయండి.

షాపులో చీటీ అడుగుతారు, అడగాలి కూడా. పశువైద్యుల చీటీ చూసి కొందరు తటపటాయిస్తారు. జంతువు పేరు, మందు, మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లు, సిరంజి రకం అన్నీ స్పష్టంగా రాయించుకుంటే పేచీ ఉండదు. మా వీధి షాపాయన చీటీలో "వయసు 8" అని చదివి, "అయ్యో, ఇంత చిన్న వయసులోనా" అని తమిళంలో నొచ్చుకున్నాడు. పేషెంటుకు మీసాలు కూడా ఉన్నాయని చెప్పాను. జన ఔషధి కేంద్రాల్లోనూ, తమిళనాడు ప్రభుత్వం నడిపే మందుల షాపుల్లోనూ అడిగి చూడండి. ఎక్కడ కొన్నా ఆ షాపు ఫ్రిజ్ నిజంగా చల్లగా ఉందా లేదా చూడండి. అట్టపెట్టెను ఫ్రిజ్‌లోంచి కాక అలమరలోంచి తీసి ఇచ్చే చోట ఎంత తగ్గింపు ఇచ్చినా కొనను.

చెన్నైలో నిల్వ ఒక ప్రత్యేక విద్య. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తెరిచినది 30 డిగ్రీల లోపు అయితే బయట 28 రోజులు ఉండగలదని లేబుల్ చెబుతుంది. కాని కత్తిరి ఎండల్లో మన పడకగదే 30 దాటుతుంది కాబట్టి ఇక్కడ ఫ్రిజ్ తప్పదు. ఒకే తలుపున్న పాత ఫ్రిజ్‌లో ఫ్రీజర్ కింద పై అరలో పెట్టకండి, వెనక గోడకు ఆనించకండి. అక్కడ గడ్డకడుతుంది. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. తలుపు అర కూడా మంచిది కాదు, తెరిచి మూసినప్పుడల్లా వేడి తగులుతుంది. మేము మధ్య అరలో, మూతున్న స్టీలు డబ్బాలో, గుడ్డ చుట్టి పెడతాం. షాపు నుంచి తెచ్చేటప్పుడు ఐసు సంచి అడగండి, కాని ఐసు నేరుగా కార్ట్రిడ్జ్‌కు తగలకుండా మధ్యలో గుడ్డ ఉండాలి.

కరెంటు పోతే కంగారు పడకండి. 2023 డిసెంబరులో, బాపట్ల దగ్గర తీరం దాటిన ఆ మిగ్‌జాం తుపానుకు ముందు చెన్నై మునిగినప్పుడు, మా వీధిలో కరెంటు చాలాసేపు లేదు. ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచి, తర్వాత కార్ట్రిడ్జ్‌ను బయటికి తీసి నీడలో పెట్టాం. డిసెంబరు కాబట్టి గది 30 లోపే ఉంది. అది మే నెల అయితే ఇన్వర్టరున్న పక్కింటివాళ్ల ఫ్రిజ్‌ను అడిగి ఉండేవాణ్ణి.

సూది వేయడం మీరు భయపడుతున్నంత కష్టం కాదు. తిండి తింటున్నప్పుడు, పక్క డొక్క మీద చర్మాన్ని పైకి లాగి గుడారంలా చేసి, ఆ గుడారం అడుగున గుచ్చండి. మెడ వెనక కంటే డొక్క దగ్గర మందు బాగా ఒంటికి పడుతుంది. కొన్నిసార్లు సూది అటుపక్కకు దూసుకొచ్చి మందు బొచ్చులో పడుతుంది. తడి తగులుతుంది, ఆస్పత్రి వాసన వస్తుంది. అప్పుడు ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు కాబట్టి రెండోసారి వేయకండి, తర్వాతి పూట మామూలు డోసే. పూట తప్పినా అంతే, రెట్టింపు వేయకూడదు. పిల్లి తినకపోతే డాక్టరుకు ఫోను చేయకుండా సూది వేయకండి.

షుగరు పడిపోతే తూలుతుంది, వెనక కాళ్లు సోలిపోతాయి, వణుకుతుంది, ఫిట్స్ రావచ్చు. తేనె గాని గ్లూకోజు నీళ్లు గాని చిగుళ్లకు రాయండి, గొంతులో పోయకండి, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. మీటరు ఎంత చూపితే సూది ఆపాలో డాక్టరు చేత అంకె రాయించి ఫ్రిజ్ మీద అంటించండి. మనుషుల మీటరు సాధారణంగా పిల్లి షుగరును అసలుకంటే తక్కువగా చూపిస్తుంది. అయినా ఎప్పుడూ అదే మీటరు వాడితే హెచ్చుతగ్గులు తెలుస్తాయి. ఏ మీటరు వాడుతున్నారో డాక్టరుకు చెప్పండి. చెవి అంచు నరం దగ్గర చిన్న చుక్క చాలు. చెవిని ముందు గోరువెచ్చని గుడ్డతో పట్టుకోండి. ఆస్పత్రిలో భయంతోనే పిల్లుల షుగరు పెరుగుతుంది కాబట్టి ఇంట్లో చూసిన అంకెలకే విలువ ఎక్కువ.

ఖర్చు లేని పరీక్షలు రెండున్నాయి. నీళ్ల గిన్నెలో కొలిచి పోసి మర్నాడు మిగిలింది కొలవండి. షుగరు అదుపులోకి వస్తుంటే తాగే నీళ్లు తగ్గుతాయి. పిల్లి మూత్రం పోసే మట్టి తొట్టికి చీమలు బారులు కడుతున్నాయా చూడండి. కిట్టయ్య జబ్బును మాకు మొదట చెప్పినవి చీమలే.

పెరుగన్నం, పాలన్నం మానేయండి. గింజల మేత కూడా డాక్టరుతో మాట్లాడి తగ్గించి, పిండిపదార్థం తక్కువున్న తడి మేతకు మార్చండి. అయితే చెప్పకుండా ఒక్కరోజులో మార్చకండి. పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది. పాత డోసే వేస్తే షుగరు పడిపోతుంది. ఉడికించిన కోడి మాంసం ఒక్కటే పెడితే కాల్షియం వంటివి చాలవు. మొదటి నెలల్లోనే గట్టిగా అదుపు చేస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే పోతుంది, అందుకే తాత్సారం వద్దు. కిట్టయ్యకు ఇంకా పోలేదు. పళ్లు పుచ్చినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇన్సులిన్ సరిగా పనిచేయదు, అవి చూపించండి. ఇంతకుముందు దురదకని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, అవి షుగరు తెప్పించగలవు. ఇంట్లో పెద్దవాళ్ల షుగరు మాత్రలు మాత్రం పొడి చేసి పెట్టకండి.

ప్రైవేటు ఆస్పత్రి ఫీజులు భారమైతే వేప్పేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. ఆ కళాశాల 1903 నాటిది. పొద్దున్నే వెళ్లండి, పిల్లిని గట్టి బుట్టలో పెట్టి మీద గుడ్డ కప్పండి, పక్కనే కుక్కలుంటాయి. షుగరు అంకెలు, వేసిన యూనిట్లు, తాగిన నీళ్లు ఒక నోటుపుస్తకంలో రాసి తీసుకెళ్తే డోసు మార్చడం వాళ్లకూ తేలిక.

వాడిన సూదులు మామూలు చెత్తలో వేయకండి. గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, "సూదులు" అని రాసి, చెత్త తీసుకెళ్లే వాళ్లకు చెప్పి విడిగా ఇవ్వండి. 2016 నాటి చెత్త నిబంధనల్లో వాటిని ఇంటి ప్రమాదకర వ్యర్థాల కింద చేర్చారు.

డాక్టరు ఇచ్చిన డోసు ఎంత, మీ దగ్గరున్న మీటరు ఏది అన్నవి ప్రశ్నలో చేర్చండి. మీ పేటకు దగ్గరలో 0.3 మి.లీ. సిరంజిలు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు చెప్పగలరు.