జిగురు మీద పీహెచ్‌డీ ఏమిటంటారా?

ప్రశ్న: మాది పలమనేరు. మా అమ్మాయి ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. అవసరమైతే ఊడదీయగలిగే జిగుర్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. నేనేమో అప్పు చేసైనా ఆరు నెలల సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చి బెంగళూరు పంపుదామనుకుంటున్నాను. ఏది మేలు?

జవాబు: మీరు రాయకపోయినా మీ టెన్షన్ నాకర్థమైంది. పీహెచ్‌డీ అంటే ఐదేళ్లు, పెళ్లెప్పుడు, సంపాదనెప్పుడు అని. చాలామంది తండ్రులు నన్నడిగేది ఇదే.

ముందు జిగురు సంగతి. కారే పైపుకు ఎప్పుడైనా ఎం-సీల్ పెట్టారా? గట్టిపడ్డాక తీయాలంటే ఉలీ సుత్తీ పట్టాలి, పైపు కూడా పగులుతుంది. గాలిమర రెక్కల్లో గాజు పీచును పట్టి ఉంచేదీ ఇలాంటి ఎపాక్సీ జాతి రెజినే, అంటే గట్టిపడే జిగురు పదార్థమే. ఒకసారి బిగిస్తే మళ్లీ కరగదు. అందుకే ఇరవై, పాతికేళ్లకు దించిన రెక్కల్ని కొన్ని దేశాల్లో కోసి మట్టిలో పూడ్చారు. 2011లో ఫ్రాన్స్‌లో లుడ్విక్ లైబ్లర్ అనే శాస్త్రవేత్త బృందం, వేడి చేస్తే లోపలి బంధాలు చోటు మార్చుకునే ఎపాక్సీని చేసి చూపింది. అలాంటివాటిని విట్రిమర్లంటారు. మన కంసాలులు నగను లక్కలో బిగించి నగిషీ చెక్కి, వేడి చేసి ఊడదీస్తారు కదా, అలాంటి సుగుణాన్ని గట్టి జిగురుకు తేవడమే ఈ పని. ముడిసరుకు కూడా పెట్రోలియమే కానక్కర్లేదు. పలాసలో గుట్టలు పడే జీడిపిక్కల తొక్కల నూనె నుంచి వచ్చే కార్డనాల్‌తో ఇప్పటికే రెజిన్లు చేస్తున్నారు.

ఇక మీ ఆరు నెలల కోర్సు. దాని మీద నాకు నమ్మకం తక్కువ. బీటెక్ కంప్యూటర్స్ చదివినవాళ్లే ఖాళీగా ఉంటున్నారు. నా దగ్గరకొచ్చిన కెమిస్ట్రీ పిల్లల్లో, ఫీజు కోసం నగలు తాకట్టు పెట్టి, రెండేళ్లు ఇంటర్వ్యూలు తిరిగి, చివరికి మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌కే చేరినవాళ్లున్నారు. కోడింగ్ అంటే ఇష్టమున్న పిల్లలైతే వేరు. మీ అమ్మాయి ఆ మాటే ఎత్తలేదు. అప్పు చేయడానికి సిద్ధపడ్డారే, ఏం చదవాలనుకుంటున్నావమ్మా అని ఒక్క సాయంత్రం కూర్చోబెట్టి అడిగారా? ఐదేళ్లు కష్టపడి నేర్చుకున్న సబ్జెక్టును వదిలెయ్యమనడం న్యాయమేనా?

డబ్బు గురించి బెంగ వద్దు. జేఆర్‌ఎఫ్ (జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె భత్యం అదనం. మీ జేబులోంచి పెద్దగా పోయేదేమీ ఉండదు. పెళ్లికీ అది అడ్డు కాదు, పరిశోధన చేస్తూ పెళ్లి చేసుకున్న అమ్మాయిలు ఎందరో ఉన్నారు.

అమ్మాయికీ ఒక మాట. పేరులో 'గ్రీన్' ఉందని ల్యాబ్‌ను నమ్మొద్దు. వేడికి ఊడే జిగురు ఎండలో బరువు మోస్తూ నెమ్మదిగా జారిపోవచ్చు, అసలు చిక్కు అక్కడే. తిరుపతి దగ్గర ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ (సైన్సు పరిశోధన విద్యాసంస్థ) రెండూ ఉన్నాయి, హైదరాబాద్‌లో ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థలో పాలిమర్ల (ప్లాస్టిక్, రెజిన్ లాంటివాటి) విభాగం ఉంది. చేరేముందు గైడ్‌ను కలవండి. తండ్రిగా మీరూ వెంట వెళ్లండి. అతికించిన రెండు పలకల్ని మిషన్‌లో పెట్టి, ఊడేదాకా లాగి చూపించమని మీరే అడగండి.