ఎక్స్‌రే బాగానే ఉంది, మరి చెయ్యెందుకు నొస్తోంది?

ఆటల్లో దెబ్బలు తగిలించుకున్నవాళ్ల ఉత్తరాలకు హనుమకొండ ఫిజియోథెరపిస్ట్ జవాబులు

ప్రశ్న: నమస్తే అక్కా. మాది కాజీపేట. హనుమకొండలో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపులో పనిచేస్తాను. కొన్నేళ్లుగా మౌంటెన్ బైక్ తొక్కుతున్నా. మామూలు రోజుల్లో తెల్లారకముందే పద్మాక్షి గుట్ట వైపు, సెలవైతే ధర్మసాగర్ దాకా. ఇంకా తీరిక దొరికితే దోస్తులం కలిసి రేగొండ పోయి పాండవుల గుట్టల చుట్టూ మొరం దారుల్లో తిరుగుతాం.

మొన్న హిమాచల్‌లో ఒక సైకిల్ ఫెస్టివల్‌కి పోయాను. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కణ్నుంచి బస్సు. సైకిల్ అట్టపెట్టెలో కట్టి లగేజీ వ్యాన్‌లో వేశాను. అక్కడ పెట్టె విప్పి చూస్తే వెనక గేరు బిగించే హ్యాంగర్ వంగిపోయి ఉంది. చైను ఏ గేరు మీదా నిలవట్లేదు. స్పేర్ హ్యాంగర్ ఎవరి దగ్గరా సరిపోలేదు. అంత దూరం పోయి చూసి రావడమేనా అని దిగులుపడుతుంటే ఒకాయన తన రెండో సైకిల్ ఇచ్చాడు. అమెరికాలో కొని తెచ్చుకున్నదట. ముందూ వెనకా సస్పెన్షన్, వెడల్పు టైర్లు. అలాంటిది నేను ముట్టుకోవడమే మొదటిసారి.

ఫెస్టివల్ మాత్రం నిజంగా జాతరే అక్కా. ఒక పక్క పిల్లల రేసు, ఒక పక్క సిడ్డూలనే అక్కడి గోధుమ పిండి రొట్టెలు ఆవిరి మీద ఉడికిస్తున్నారు, సాయంత్రమైతే స్టేజీ మీద నాటీ ఆట. నాది దిగుడు రేసు. దేవదారు చెట్ల మధ్య సన్నటి దారి, రాత్రి వాన పడింది. మన దగ్గర బండలుంటాయి గానీ దారి నిండా వేర్లుండవు కదా. తడిసిన వేరు మీద టైరు పడితే సబ్బు మీద కాలు పడ్డట్టే. పైభాగం మెల్లగా దిగాను. కిందికొచ్చాక ఒక మలుపు, దానికి అడ్డంగా పెద్ద వేరు. ఎప్పటిలాగే ఎడమ చేత్తో వెనక బ్రేకు కాస్త పట్టానంతే, సైకిల్ నిలువునా లేచింది. హ్యాండిల్ మీది నుంచి ఎగిరి కుడి అరచెయ్యి ఆనించి పడ్డాను. వెనక బ్రేకు పడితే మనిషి ముందుకు ఎగరడమేంటో ఇప్పటికీ అర్థం కాలేదు.

లేచి మళ్లీ ఎక్కాను. చివర్లో జనం డప్పులు కొడుతుంటే గీత దాటాను. నా వెనక ఇద్దరే ఉన్నారు, అయినా సరే పూర్తి చేశాను. రాత్రికి మణికట్టు వాచింది. అక్కడే పట్నంలో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, బెణికిందని చెప్పి క్రేప్ బ్యాండేజీ చుట్టి మాత్రలిచ్చారు.

వచ్చి నెల కావస్తోంది. వాపు పోయింది. కానీ పొద్దున షాపు షట్టర్ లేపేటప్పుడు, ఫ్లెక్సీ రోల్ ఎత్తేటప్పుడు బొటనవేలి కింద ఒకచోట సూది గుచ్చినట్టు ఉంటుంది. మా మామ 'బెణికింది రా, నువ్వుల నూనె పట్టించి గట్టిగ రుద్దితె పోతది' అంటాడు. అమ్మ పుత్తూరు కట్టు కట్టించుకొమ్మంటోంది. దాంతోపాటు 'ఆ సైకిల్ అమ్మితివా సరే, లేకుంటె నాతోని మాట్లాడకు' అని కూడా అంది. స్మైలీ బంతి కొని రోజూ పిసుకుతున్నా. ఇంకెన్నాళ్లకు తగ్గుతుంది? చలికాలంలో పాండవుల గుట్టలకు పోవచ్చా?

– ఒక రైడర్, కాజీపేట

జవాబు: తమ్ముడూ, ముందు ఆ బంతి పక్కన పెట్టు. కుడి చెయ్యి ముందుకు చాచి, లిఫ్ట్ అడిగేవాడిలా బొటనవేలు పైకెత్తు. వేలి మొదట్లో, మణికట్టు పక్కన, చర్మం కింద తాళ్లలాంటి రెండు టెండన్లు లేచి వాటి మధ్య చిన్న గుంట పడుతుంది. ఎడమ చేతి వేలితో ఆ గుంటలో నొక్కు. రెండో చేతికీ అదే చేసి పోల్చుకో. కుడివైపు ప్రాణం పోయినట్టు నొస్తే, బెణుకు అన్న మాట నమ్మి ఇక ఒక్కరోజు కూడా ఆగకు. నువ్వు రాసిన షట్టర్ నొప్పి చూస్తే నా అనుమానం అక్కడే ఉంది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. ఆ గుంట అడుగున ఉండేది స్కాఫాయిడ్. చెయ్యి చాచి అరచేతి మీద పడ్డప్పుడు ఆ ఎనిమిదిలో ఎక్కువగా విరిగేది ఇదే. అదీ నీ వయసు మగపిల్లల్లోనే ఎక్కువ. దీనితో వచ్చిన చిక్కేంటంటే, సన్నటి పగులైతే పడ్డరోజు తీసిన ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. అక్కడి డాక్టర్ చూసింది ఆ రోజు ఫిల్మ్‌ని, అందులో ఏమీ కనపడకపోయి ఉండొచ్చు. అందుకే గుంటలో నొప్పి ఉంటే ఎక్స్‌రే బాగున్నా చేతికి కట్టువేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీస్తారు, లేదా ముందే ఎమ్మారై చేయిస్తారు. పగులు ఎమ్మారైలో తొందరగా బయటపడుతుంది. నీ విషయంలో ఆ రెండోసారి చూడటం జరగలేదు. మధ్యలో నువ్వు రైలెక్కి వచ్చేశావు.

ఇంత కంగారెందుకంటే ఈ ఎముకకు రక్తం అందే తీరు వేరు. రక్తనాళాల్లో ఎక్కువ భాగం వేళ్ల వైపు కొసలోంచి లోపలికి వచ్చి, మోచేతి వైపు కొసకు వెనక్కి పారుతుంది. ఆ వెనక కొస మన ఎస్సారెస్పీ కాలువ కింద చివరి ఆయకట్టు లాంటిది. మధ్యలో గండి పడితే ముందు ఎండేది అదే. నడుము దగ్గర, అంటే ఎముక మధ్యలో, విరిగిన స్కాఫాయిడ్‌ని పట్టించుకోకపోతే రెండు ముక్కలూ అతక్కుండా మిగిలిపోవచ్చు, వెనక ముక్క రక్తం అందక చచ్చిపోవచ్చు కూడా. అలా వదిలేస్తే కొన్నేళ్లకు మణికట్టు అరిగి కీళ్లనొప్పి మొదలవుతుంది. ఫ్లెక్సీ రోల్స్ మోసే చెయ్యి అది.

కాబట్టి ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలువు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఓపీకి పోయినా సరే, నీకు తెలిసిన ఎముకల డాక్టర్ దగ్గరికి పోయినా సరే. పాత ఫిల్మ్ వెంట తీసుకుపో. 'ఫలానా రోజు అరచెయ్యి ఆనించి పడ్డాను, ఈ గుంటలో నొప్పి తగ్గలేదు, స్కాఫాయిడ్ వ్యూలు తీయించమంటారా' అని ఆ మాటే అడుగు. మామూలు మణికట్టు ఎక్స్‌రే వేరు, ఈ ఎముక కోసం చెయ్యి వాల్చి తీసే కోణాలు వేరు. చూపించుకునే దాకా బరువులు ఎత్తకు. షట్టర్ ఎడమ చేత్తో లేపు, లేదా పక్కవాణ్ని పిలువు.

ఒకవేళ పగులే అయితే? ముక్కలు పక్కకు జరగకుండా ఉంటే సాధారణంగా కట్టుతోనే అతుకుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అందులోనూ వెనక కొసకు దగ్గరైతే ఇంకా ఆలస్యం. జరిగితే, లేదా వెనక కొసే విరిగితే, ఎముకలోపలే ఇమిడిపోయే చిన్న స్క్రూ వేస్తారు. ఆలస్యంగా చేరావు గనక డాక్టర్ ముందే సీటీ తీయించమనవచ్చు. సిగరెట్ అలవాటుంటే ఈ కొన్ని నెలలైనా మానెయ్, పొగ తాగేవాళ్లలో ఈ ఎముక అతకడం కష్టమవుతుంది. అలవాటు లేకపోతే ఈ ముక్క నీ దోస్తులకు చదివి వినిపించు.

ఇక మామ నూనె. విరిగిందేమోనన్న చోట రుద్దడం వద్దు, అంతే. ఆయన మీద కోపం తెచ్చుకోకు, మన ఇళ్లల్లో బెణుకు అంటే నూనే మొదటి వైద్యం. పుత్తూరు కట్టుకు కూడా నేను ఒప్పుకోను. పొడుగు ఎముకను చేత్తో తడిమి సరిచేయడం ఒక ఎత్తు. మణికట్టు లోపల జీడిపప్పంత ఎముకలో పగులు జరిగిందా లేదా అని చేత్తో తడిమి ఎవరూ చెప్పలేరు, నేను కూడా. ఫిల్మ్ చూడాల్సిందే.

ఇప్పుడు నీకు అర్థంకాని ఆ పడిపోవడం సంగతి. నీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపింది ఆ రెండు వాక్యాలే. వెనక బ్రేకు పడితే వెనక చక్రం జారుతుంది గానీ మనిషి ముందుకు ఎగరడు. ఎగిరావంటే నువ్వు పట్టింది ముందు బ్రేకు. మనం బండి మీద కుడి చేత్తో ముందు బ్రేకు పట్టి పెరిగాం, మన దగ్గర అమ్మే సైకిళ్లకూ మామూలుగా అదే ఉంటుంది. అమెరికాలో కొన్న సైకిల్‌కి మాత్రం ఎడమ లివరే ముందు చక్రానిది. నీకు ఇచ్చినాయనకు ఫోన్ చేసి అడుగు, నూటికి తొంభై పాళ్లు నేను చెప్పిందే అవుతుంది. పైభాగంలో మెల్లగా వచ్చావు గనక తెలియలేదు. భయంతో గట్టిగా పట్టాల్సిన మలుపు దగ్గర చెయ్యి పాత అలవాటు ప్రకారం పనిచేసింది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు ఒక్క వేలికే పట్టేస్తుంది, దానికి తోడు వేరు అడ్డం.

ఎత్తు సంగతి కూడా ఉంది. మనం ఉండేది సముద్రమట్టానికి 300 మీటర్ల అటూ ఇటుగా. అక్కడ 2,000 మీటర్లు దాటితే ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర కంటే ఐదో వంతు పైగా తగ్గుతుంది. బస్సు దిగి ఒకట్రెండు రోజుల్లో రేసంటే కాళ్లతోపాటు పిడికిలీ తొందరగా అలిసిపోతుంది. ఎక్కువమంది పడేది కిందికి వచ్చాకే, అలసిన చేతులతో. ఈసారి వేరేవాళ్ల సైకిల్ ఎక్కితే ముందు నిలబడే ఒక్కో లివర్ పట్టి ఏ చక్రం ఆగుతోందో చూసుకో. మార్చుకోవాలంటే మెకానిక్‌కి పెద్ద పనేమీ కాదు, ఉన్న చోటే చేసిస్తాడు. రైల్లో వేసేటప్పుడు హ్యాంగర్ విప్పి, గేరును ఫ్రేము లోపలికి గుడ్డతో చుట్టి కట్టు. స్పేర్ హ్యాంగర్ నీ సైకిల్ మోడల్‌దే కొని జేబులో వేసుకో, ఒక సైకిల్‌ది ఇంకోదానికి సరిపోదు.

దెబ్బ తగిలిన చెయ్యితో గీత దాటినందుకు నువ్వు మురిసిపోతున్నావు. డప్పులు కొట్టేవాళ్లకు నీ మణికట్టు సంగతి తెలియదు కదా. అక్కడే దిగి నడుచుకుంటూ వచ్చినా నేను నిన్ను రైడర్ అనే అంటాను.

చలికాలం తేదీ ఇప్పుడు చెప్పను. నేను చూసేవి వేరు: డాక్టర్ ఎముక అతికిందని చెప్పాలి, గుంటలో నొక్కితే నొప్పి ఉండకూడదు, మణికట్టు రెండో చేతితో సమానంగా వంగాలి, గోడకు చేతులానించి బరువు వేస్తే తట్టుకోవాలి. ఆ తర్వాత ముందు తారురోడ్డు, తర్వాత ధర్మసాగర్ మట్టి దారి, బండలు అన్నిటికంటే ఆఖరున. ఈలోగా కాళ్లు చల్లబడతాయని టెన్షన్ పడకు. జిమ్‌లో కదలని సైకిల్ మీద నిటారుగా కూర్చుని, చేతులు వదిలేసి తొక్కు. కట్టు పడితే వేళ్లు, మోచెయ్యి, భుజం రోజూ ఆడించు, కట్టు తడవనీయకు.

అమ్మ సంగతి మాత్రం నేను తీర్చలేను. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆమెనూ తీసుకుపో. ఫిల్మ్ లైటు మీద పెట్టి డాక్టర్ చూపిస్తుంటే ఆమె కూడా చూస్తుంది. సైకిల్ అమ్మే మాట ఆ తర్వాత ఎట్లాగూ మీ ఇద్దరి మధ్య నడుస్తుంది. నా ఓటు అమ్మకం వద్దనే, కానీ నా ఓటు మీ ఇంట్లో చెల్లదు.

ప్రశ్న: మేడమ్, మా పాప ఎనిమిదో తరగతి. సైకిల్ మీంచి పడింది, తలకు హెల్మెట్ ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు. లోపల థర్మాకోల్‌లో చిన్న గీత పడింది, పైన బాగానే ఉంది. వాడొచ్చా? ఆ రోజంతా తల తిరుగుతోందని చెప్పింది, ఇప్పుడు బాగుంది. – ఒక తండ్రి, జమ్మికుంట

జవాబు: వాడకండి. ఆ థర్మాకోల్ ఒక్కసారి దెబ్బను తాను నలిగి మింగడానికే ఉంటుంది, మళ్లీ ఉబ్బదు. పైన రంగు బాగున్నంత మాత్రాన లోపల బలం ఉన్నట్టు కాదు.

తల తిరిగిందంటే మెదడు అదిరినట్టే లెక్క. ఒకసారి డాక్టర్‌కి చూపించండి. పదేపదే వాంతులు, ఆగని తలనొప్పి, లేపినా లేవనంత మత్తు, మాట తడబడటం, ఫిట్స్, చెయ్యో కాలో బలం తగ్గడం, వీటిలో ఏది కనపడినా రాత్రయినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోండి. ఇవేవీ లేకపోతే మొదటి ఒకట్రెండు రోజులు ఇంట్లో మెల్లగా తిరగనివ్వండి, ఫోను తగ్గించండి. తర్వాత బడి, ఆపైన నడక, చివర్లో ఆటలు. ఏ మెట్టు మీద తలనొప్పి తిరిగొస్తే అక్కడ ఆగండి. డాక్టర్ సరేననేదాకా సైకిల్ వద్దు.

పాత హెల్మెట్ చెత్తబండిలో వేసేముందు పట్టీలు కత్తిరించండి. లేకపోతే ఎవరో బాగుందని ఏరుకుని తమ పిల్లవాడికి పెడతారు.