పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ల కోసం రాయి

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన గ్లేజ్డ్ సాల్మన్ (నిగనిగలాడే తియ్యటి పూత, అంటే గ్లేజ్, వేసిన సాల్మన్ చేప) వంటకం ఓపిగ్గా చదివాను. భాష హాయిగా ఉంది, ఎక్కడా డాబు లేదు. కానీ "సాస్ పట్టించి, ఉడికేవరకు వండాలి" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ వంటలో ఉన్న కష్టమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. దాన్ని చదివి వండబోయేవాళ్లు అప్పుడే పని నుంచి ఇంటికొచ్చి ఉంటారు. పిల్లలు ఆకలంటుంటారు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో అట్లకాడ పట్టుకుని "ఉడికిందా లేదా?" అని నీ రాతలో వెతుక్కుంటారు. అక్కడ వాళ్లకి జవాబు దొరకాలి.

ముందు గ్లేజ్ సంగతి. తేనె, సోయా సాస్, వెల్లుల్లి కలిపి మొదట్లోనే చేపకి పట్టించి పెనం మీద వెయ్యమన్నావు. తేనెలో ఎక్కువగా ఉండేది ఫ్రక్టోజ్ అనే చక్కెర. మామూలు చక్కెర 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర రంగు మారడం మొదలుపెడితే, ఫ్రక్టోజ్‌కి సుమారు 110 డిగ్రీలు చాలు. చేపని ఎర్రగా కాల్చే పెనం అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. దాంతో చేప లోపల పచ్చిగా ఉండగానే పైన తేనె నల్లబడిపోతుంది, వెల్లుల్లి చేదెక్కుతుంది. వండినవాళ్లేమో తమకే చేతకాలేదనుకుని మళ్లీ సాల్మన్ జోలికి పోరు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎప్పుడు వెయ్యాలో మనం చెప్పకపోవడం వల్లే కదా అలా జరిగింది!

అందుకని చేప ముప్పాతిక వంతు ఉడికాకే గ్లేజ్ వెయ్యమని రాయి. కారణం కూడా ఒక్క ముక్కలో చెప్పు. తీపి మాడిపోతుందని తెలిసినవాళ్లు రేపు తేనె లేక బ్రౌన్ షుగర్ వాడినా జాగ్రత్త పడతారు.

గ్లేజ్‌ని విడిగా చిన్న గిన్నెలో కాచమను. నలుగురికైతే మూడు టేబుల్ స్పూన్ల సోయా సాస్, రెండు టేబుల్ స్పూన్ల తేనె, రెండు వెల్లుల్లి రెబ్బలు, కాస్త అల్లం తురుము సరిపోతాయి. సన్నని సెగ మీద మూడు నాలుగు నిమిషాలు మరిగాక స్పూన్ ముంచి తీసి, దాని వెనకవైపు వేలితో గీస్తే ఆ గీత పూడకుండా నిలవాలి. (స్పూన్ కాస్త చల్లారాక గీయమని తప్పకుండా రాయి, వేలు కాలుతుంది.) చల్లారేకొద్దీ పాకంలా ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కొంచెం జారుగా ఉండగానే దించెయ్యాలి. ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం దించాకే కలపాలి. ఇక నువ్వు "ఉప్పు తగినంత" అని రాశావే, అది కొట్టెయ్యి. సోయా సాస్‌లోనే బోలెడంత ఉప్పుంది. చేపకి విడిగా చిటికెడు చాలు.

ఇప్పుడు "ఉడికేవరకు" అన్న మాట. పది నిమిషాలని బ్రాకెట్లో పెట్టావు. ఏ ముక్కకి పది నిమిషాలు? నడుము భాగం ముక్క రెండున్నర సెంటీమీటర్ల మందం ఉంటే, తోక వైపుది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. నిమిషాలు ఉజ్జాయింపుగా ఇవ్వు, గుర్తులు మాత్రం కచ్చితంగా ఇవ్వు. సాల్మన్‌లో ఉన్న సుఖమేమిటంటే, అది ఎంత ఉడికిందో పక్క నుంచి కనిపిస్తూనే ఉంటుంది. చర్మం కిందకి ఉండేలా పెనం మీద పెట్టి, పక్కకి వంగి చూడమను. పచ్చి మాంసం ముదురు నారింజ రంగులో, కాస్త కాంతి దూరేలా మెరుస్తూ ఉంటుంది. వేడి తగిలేకొద్దీ అడుగు నుంచి పాలిపోయిన గులాబీ రంగు పైకి పాకుతుంది. ఆ గీత ముప్పాతిక ఎత్తు వరకు వచ్చినప్పుడు తిరగేసి, మంట తగ్గించి, గ్లేజ్ పొయ్యాలి. స్పూన్‌తో తీసి పైన పోస్తూ ఒకటి రెండు నిమిషాలుంచితే నిగనిగలాడుతూ పట్టుకుంటుంది. ఇలా రాస్తే మొదటిసారి వండేవాళ్లు కూడా టెన్షన్ పడరు.

ఓవెన్ వాడేవాళ్ల కోసం రెండు ముక్కలు చాలు. 200 డిగ్రీల వేడిలో 12 నుంచి 15 నిమిషాలు, గ్లేజ్ చివరి నాలుగైదు నిమిషాల్లో.

చేపని పేపర్ టవల్‌తో తడి లేకుండా అద్దమని నువ్వు రాయలేదు. తడి ఉంటే పెనం వేడంతా ముందు ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది, చర్మం కరకరలాడకుండా అడుగంటుతుంది. పెనం మీద వెయ్యగానే అట్లకాడతో పది సెకన్లు మెల్లగా అదిమి పట్టాలి, లేకపోతే చర్మం ముడుచుకుని ముక్క వంకర తిరుగుతుంది.

వండుతుంటే పక్కల నుంచి తెల్లగా, మెత్తగా ఏదో ఊరుతుంది. చేప పాడైందేమోనని చాలామంది కంగారు పడతారు. అది ఆల్బుమిన్ అనే ప్రొటీన్, తింటే ఏమీ కాదు. మరీ ఎక్కువగా వస్తుంటే మాత్రం మంట ఎక్కువైందని అర్థం. ఈ మాట రాసే రచయితలు తక్కువ. నువ్వు రాయి.

లోపలి వేడి గురించి ఒక అంకె ఇవ్వాల్సిందే. అమెరికా ఆహార భద్రతా సంస్థలు చేపకి చెప్పేది 63 డిగ్రీలు. చాలామంది షెఫ్‌లు ఇంకా జ్యూసీగా ఉండాలని 52 నుంచి 55 మధ్యలోనే దించేస్తారు. నువ్వు రాస్తున్నది ఇంటిల్లిపాదీ కూర్చుని తినే భోజనం గురించి. పసిపిల్లలు, పెద్దవాళ్లు, గర్భిణులు ఉండొచ్చు. 63 అనే రాయి. థర్మామీటర్ లేనివాళ్లకి, ఫోర్క్‌తో మధ్యలో కదిపితే పొరలు పొరలుగా విడిపోవాలని చెప్పు.

అలాగే ముళ్లు. ఫిల్లెట్ అంటే ముళ్లు లేనిదని నమ్మేస్తారు, కానీ మధ్య గీత వెంబడి సన్నవి మిగిలిపోతుంటాయి. వేలితో నిమిరితే తగులుతాయి. చిన్న పట్టకారుతో అవి వాలిన వైపే లాగాలి.

"పదిహేను నిమిషాల్లో డిన్నర్" అన్న శీర్షిక మార్చు. వెల్లుల్లి ఒలిచి, ముళ్లు తీసి, గ్లేజ్ కాచేసరికి అరగంట పడుతుంది. అరగంటంటే ఎక్కువేమీ కాదు, ఉన్నదే చెబుదాం. గడ్డకట్టిన చేపైతే ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చాలన్న సంగతి వంటకం మొదట్లోనే ఉండాలి, నాలుగో పేరాలో కాదు. గాలి తీసేసిన ప్యాకెట్ అయితే కరిగించే ముందే చింపమను. గాలి ఆడని చోట బోటులిజం అనే ప్రమాదకరమైన విషాహార జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదముంది.

చేపలోని ఒమేగా-3 కొవ్వుల గురించి మొదట్లో రాసిన రెండు పేరాలు తీసెయ్యి. నీకు మనసొప్పదని తెలుసు, కానీ వాటికి వేరే వ్యాసం రాసుకోవచ్చు.

ఇవన్నీ సరిచేశాక, సాల్మన్ ఎప్పుడూ వండని మనిషి ఒకరికి ఆ కాగితం ఇచ్చి వండమను. నువ్వు పక్కనే ఉండు, నోరు మాత్రం విప్పకు. వాళ్లు ఎక్కడ ఆగి నీ వైపు చూస్తారో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో. ఆ గుర్తులున్న కాగితమే నాకు పంపు, కలిసి కూర్చుని చూద్దాం.

శుభాకాంక్షలతో