చెవిలో గీ మంటూ శబ్దం: ‘అలవాటైపోతుంది’ అనే ముందు

మూడు వారాలుగా రాత్రి దీపం ఆర్పగానే చెవిలో సన్నగా గీ మంటోంది, పగలు పనిలో పడితే గుర్తుండదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలా లేక దానంతట అదే పోతుందా అని అడిగారు. శబ్దం ఒక చెవిలోనా, రెండింటిలోనా అన్నది మాత్రం రాయలేదు. అసలు తెలియవలసింది అదే. ఎందుకో చెబుతాను.

నేను డాక్టరును కాను. ఒక దినపత్రిక అచ్చు యంత్రం దగ్గర 22 ఏళ్ళు రాత్రి డ్యూటీ చేసినవాణ్ణి. యంత్రం కదిలే ముందు గంట మోగుతుంది. వేగం అందుకున్నాక కాళ్ళ కింద నేల వణుకుతుంది, పక్కవాడు చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినిపించదు. మాటలన్నీ వేళ్ళతోనే. అరచేయి బోర్లిస్తే వేగం తగ్గించమని, రెండు వేళ్ళు చూపిస్తే సిరా చూడమని. చెవుల్లో దూది కుక్కుకునేవాళ్ళం. దూది ఆ మోతను ఆపేది కాదని మాకెవరూ చెప్పలేదు. డ్యూటీ దిగి తెల్లవారుజామున టీ కొట్టు దగ్గర నిలబడితే గ్లాసుల చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపించేది. మధ్యాహ్నానికి సర్దుకునేది, అంతటితో మర్చిపోయేవాళ్ళం.

ఒక సంక్రాంతికి అత్తగారి ఊళ్ళో డాబా మీద పడుకున్నాను. కీచురాళ్ళు ఆగకుండా అరుస్తున్నాయి. “ఈ ఊళ్ళో ఇన్ని కీచురాళ్ళేమిటి?” అన్నాను. మా ఆవిడ కాసేపు చెవి ఒగ్గి విని, “ఏ కీచురాళ్ళు?” అంది. చెవులు రెండూ అరచేతులతో మూసుకున్నాను. శబ్దం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

తరువాతి ఆరు నెలలూ నేను చేయని పని లేదు. అమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసింది. పుల్లకు దూది చుట్టి తిప్పాను. ఎవరో చెప్పారని జింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసే మాత్రలకు డబ్బు తగలేశాను (అవి ఈ మోతను తగ్గిస్తాయని పరీక్షల్లో ఎక్కడా గట్టిగా తేలలేదని తరువాత తెలిసింది). చివరికి చెవి డాక్టరు చూసి, దూదిపుల్లతో గుబిలినంతా లోపలికి నెట్టేశానని తిట్టి, దాన్ని తీసేశారు. హోరు కొంచెం తగ్గింది, పోలేదు. కొంతమందికి గుబిలి తీయగానే పూర్తిగా పోతుంది, అందుకే చెవిలోకి తొంగి చూడటమే మొదటి పరీక్ష. నూనె మాత్రం పోయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే కొత్త తలనొప్పి తెచ్చుకున్నట్టే.

తరువాత అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోను తగిలించి, వినిపించినప్పుడల్లా బొత్తం నొక్కమన్నారు. ఆ పరీక్ష గీతల కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. రెండు చెవుల గీతలూ సాఫీగా వచ్చి, 4,000 హెర్ట్జ్ అనే సన్నని స్వరం దగ్గర గోతిలో పడి, మళ్ళీ కాస్త పైకి లేచాయి. “మీరేం పని చేసేవారు?” అని డాక్టరు అప్పుడు అడిగారు. పెద్ద మోతలో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ గీత తరచుగా అక్కడే కుంగుతుందట. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఉంటాయి. చచ్చినవి మనుషుల్లో మళ్ళీ మొలవవు. అక్కడినుంచి సమాచారం అందక, స్టేషను దొరకని రేడియోకు శబ్దం పెంచినట్టు మెదడు పెంచేస్తుంది. ఆ గుర్రునే మనం వింటాం. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు దాటకూడదని, మరో మూడు డెసిబెల్స్ పెరిగితే నాలుగు గంటలకే ఆపాలని ఒక లెక్క ఉంది. మా యంత్రం దగ్గర ఆ లెక్క ఎవరూ వేయలేదు.

నిశ్శబ్దం కూడా దోషే. 1953లో అమెరికాలో చెవులు బాగానే ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే, నూటికి 94 మంది తమకు ఏదో మోత వినిపించిందన్నారు. మీకు దీపం ఆర్పాకే వినిపించడంలో వింత లేదు.

ఇదంతా తెలిశాక నా భయం పోయింది. భయం పోవడంతోనే వచ్చింది తంటా. చెవిలో మోత అన్నవాళ్ళందరికీ “అలవాటైపోతుంది” అని చెప్పడం మొదలుపెట్టాను.

ఒక ఉదయం మా బావమరిది ఫోను చేశాడు. వయసు 41. “బావా, నిద్ర లేచేసరికి ఎడమ చెవిలో దూది కుక్కినట్టుంది, హోరు కూడా” అన్నాడు. జలుబు చేసి ఉంటుంది, నాకూ ఉందిగా, ఏమీ కాదన్నాను. ఆవిరి పట్టమన్నాను. వాడు పదహారు రోజులు ఆవిరి పట్టాడు. ఆ తరువాత నేనే తీసుకువెళ్ళాను. డాక్టరు శ్రుతిదండాన్ని (తడితే మోగే రెండు కొమ్ముల లోహపు కడ్డీ, ట్యూనింగ్ ఫోర్క్) మోగించి నుదుటి మధ్యలో ఆనించి, ఏ చెవిలో వినిపిస్తోందని అడిగారు. వాడు కుడి చెవి చూపించాడు, బాగున్న చెవి. గుబిలో జలుబో అడ్డుపడి ఉంటే మూసుకున్న చెవివైపే వినిపించాలట. డాక్టరు పెన్ను కింద పెట్టి, “ఎన్ని రోజులైంది?” అన్నారు. ఆ ప్రశ్నకు వాడు నావైపు చూశాడు.

హఠాత్తుగా లోపలి చెవి వినికిడి పడిపోవడం అది. స్టెరాయిడ్ మాత్రలు, తరువాత కర్ణభేరి గుండా ఇంజెక్షన్లు. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే, అందులోనూ ఎంత త్వరగా అయితే అంత, గుణం కనిపించే అవకాశం ఎక్కువ. వాడికి సగం వరకు వచ్చింది. ఇప్పటికీ ఎడమవైపు నుంచి పిలిస్తే పలకడు.

కాబట్టి మోత ఎంత పెద్దదన్నది కాదు, దానితోపాటు ఏం వచ్చిందన్నది చూసుకోండి. గంటల్లో, రెండు మూడు రోజుల్లో ఒక చెవి వినికిడి తగ్గితే అదే రోజు వెళ్ళాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, తలకు దెబ్బ తగిలాక మొదలైనా అర్ధరాత్రయినా సరే అత్యవసర విభాగానికే. శబ్దం గీ మని కాకుండా దడదడా కొట్టుకుంటుంటే మణికట్టు దగ్గర నాడి పట్టి చూడండి. రెండూ ఒకే లయలో ఉంటే డాక్టరుకు ఆ మాటే ముందు చెప్పండి. రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, చెవి దగ్గరి రక్తనాళం కావచ్చు, స్కాన్ అవసరం పడవచ్చు. ఒక్క చెవిలోనే వదలకుండా ఉంటే ఎంఆర్‌ఐ తీయించమంటారు. వినికిడి నరం మీద అరుదుగా వచ్చే, క్యాన్సర్ కాని గడ్డ లేదని తేల్చుకోవడానికి. గది గిర్రున తిరిగి వాంతులవుతూ చెవి బరువెక్కితే లోపలి చెవికి వచ్చే మెనియర్స్ జబ్బేమోనని చూస్తారు. వాడుతున్న మందుల చీటీ కూడా పట్టుకెళ్ళండి. ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ లాంటివి చెవిని ఇబ్బంది పెడతాయి. మీ అంతట మీరు మాత్రం ఏదీ మానకండి.

హైదరాబాదు చుట్టుపక్కల ఉంటే కోఠిలో, విశాఖవైపైతే ఆ ఊళ్ళో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా, టార్చి వేసి చూసి మాత్రలు రాసి పంపేస్తే, వినికిడి పరీక్ష చేయించమని మీరే అడగండి.

అన్నీ సరిగా ఉండి మోత ఒక్కటే మిగిలితే దాన్ని పోగొట్టే మాత్ర లేదు. నేను నిశ్శబ్దంలో పడుకోవడం మానేశాను. పాత టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పి పెడతాను, మోతకంటే ఒక మెట్టు తక్కువ చప్పుడుతో. వినికిడి తగ్గినవాళ్ళకు వినికిడి యంత్రం పెట్టాక మోత కూడా వెనక్కి తగ్గడం కద్దు. నిద్ర పట్టక మనసు చెడుతుంటే సీబీటీ అనే మాటల చికిత్స పనిచేస్తుంది. శబ్దం తగ్గదు, దానిమీద కోపం తగ్గుతుంది. బతకాలనిపించనంత దూరం వస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు మీ సంగతి. ఈ రాత్రి ఫోనును ముందు ఒక చెవికి, తరువాత రెండో చెవికి పెట్టుకుని ఒకే మనిషి గొంతు వినండి. తరువాత మూతి మూసుకుని మ్... అంటూ కూనిరాగం తీసి, ఏ చెవిలో గట్టిగా మోగుతోందో చూసుకోండి. ఫోనులో తక్కువగా వినిపించిన చెవిలో కాక, రెండో చెవిలోనే కూనిరాగం గట్టిగా మోగితే రేపు ఉదయమే బయలుదేరండి. తేడా ఏమీ లేకపోతే ఈ వారంలో ఒక రోజు కుదుర్చుకుని వెళ్ళండి. ఏ చెవో మాత్రం కింద రాయండి.