కుండీలో నల్లటి పూలు ఎందుకు కనిపించవు?

నల్ల పెట్యూనియాలు నిండుగా పూసినా, గేటు దగ్గర్నుంచి చూస్తే కుండీ ఖాళీగా ఉన్నట్టే ఉంది, ఎందుకని ఒకరు అడిగారు. మొక్క తప్పేం లేదు. ఆ పూలది నిజానికి నలుపు కాదు, చాలా చిక్కటి ఊదా. నేరేడు పండుకు రంగునిచ్చే ఆంథోసయనిన్లే రేకుల్లో దట్టంగా చేరి వెలుతురును మింగేస్తాయి. వెనక తడిమట్టి, నీడ ఉంటే పువ్వు వాటిలో కలిసిపోతుంది.

పక్కన లేత రంగు పడాలి. నాకైతే లేతాకుపచ్చ ఆకుల చిలగడదుంప తీగ ఇష్టం. తెల్లపూలు పెడితే మాత్రం కళ్లు నల్లపూలను వదిలి వాటి మీదకే పోతాయి. కుండీ కూడా లేత రంగుదైతే మంచిది. దాన్ని గుమ్మం పక్కనే, కంటి ఎత్తున పెట్టండి. పొద్దుటి ఎండ వెనకనుంచి పడ్డప్పుడు రేకు అంచు ద్రాక్షరసంలా ఎర్రగా వెలుగుతుంది. అది దగ్గరికొస్తేనే కనిపిస్తుంది. ఫిబ్రవరి దాటాక మధ్యాహ్నపు ఎండ మాత్రం తగలనివ్వకండి.